దవడ ఆపరేషన్ అయ్యాక వచ్చే ఇబ్బందులు: ఏది మామూలు, దేనికి పరిగెత్తాలి

ఇది దవడ ఎముకని కోసి, జరిపి, పళ్ళు సరిగ్గా కలిసేలా బిగించే ఆపరేషన్ గురించి, నాకు పైదవడ, కిందిదవడ రెండూ ఒకేసారి చేశారు. ఇంటికొచ్చిన రోజే మా అక్క ఒక రూళ్ళ పుస్తకం తీసి రోజుకో పేజీ పెట్టింది, వాపు ఎలా ఉంది, జ్వరం ఎంత, ఎన్ని గ్లాసులు తాగాను, ముక్కులోంచి రక్తం వచ్చిందా, కింది పెదవి ఎక్కడిదాకా మొద్దుగా ఉంది, నొప్పి పదికి ఎంత, అన్నీ. అప్పుడు నాకు చిరాకేసింది కానీ రెండు వారాలయ్యాక ఆ పుస్తకమే నన్ను కాపాడింది, ఎందుకంటే ఈ ఆపరేషన్ తర్వాత ఏ ఇబ్బందొచ్చినా అడగాల్సింది ఒక్కటే, నిన్నటికంటే తగ్గిందా పెరిగిందా. తగ్గుతూ వస్తున్నది చూడ్డానికి ఎంత భయంకరంగా ఉన్నా చాలావరకు మామూలే. తగ్గినట్టే తగ్గి మళ్ళీ పెరిగింది ఎంత చిన్నదైనా సరే ఫోన్ చెయ్యాల్సిందే. మందులతో మనసు మబ్బుగా ఉంటుంది, నిన్న ఎలా ఉందో గుర్తుండదు, అందుకే రాసుకోవాలి.

నేను డాక్టర్‌ని కాదు, పేషెంట్‌ని. నా ఆపరేషన్ ముందూ తర్వాతా అడిగి తెలుసుకున్నవి, ఆ తర్వాత ఇదే ఆపరేషన్‌కి వెళ్ళినవాళ్ళకి తోడుండి చూసినవి ఇక్కడ రాస్తున్నా. మీ సర్జన్ వేరేలా చెప్తే మీ సర్జన్ మాటే వినండి, మీ ఎముక ఎలా కోశారో వాళ్ళకి తెలుసు, నాకు తెలీదు.

లోపల ఏం చేస్తారో కాస్త తెలిస్తే ఏ ఇబ్బంది ఎందుకొస్తుందో అర్థమవుతుంది. కిందిదవడకి ఎక్కువగా చేసేది సాజిటల్ స్ప్లిట్, 1957లో ఓబ్వెగెజర్ అనే సర్జన్ వాళ్ళు బయటపెట్టిన పద్ధతి, తర్వాత చాలామంది దానికి మెరుగులు దిద్దారు. వెనక పళ్ళ దగ్గర దవడ ఎముకని మందంలో రెండు పలకలుగా చీల్చి, పళ్ళున్న ముక్కని ముందుకో వెనక్కో జరిపి టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం సరిగ్గా ఆ ఎముక లోపలి గొట్టంలోంచే పోతుంది, ఇక అర్థం చేసుకోండి. పైదవడకి చేసేదాన్ని లెఫోర్ట్ వన్ అంటారు, ముఖం ఎముకలు ఏ గీతల వెంట విరుగుతాయో 1901లో రెనే లెఫోర్ట్ అనే ఫ్రెంచ్ సర్జన్ రాస్తే వాటిల్లో ఒక గీత వెంట ఇప్పుడు సర్జన్లు కావాలనే కోస్తున్నారు. పళ్ళ వేర్ల పైన అడ్డంగా కోసి పైదవడని కిందికి దించి కొత్త చోట పెడతారు, అక్కడ ముక్కు, సైనస్, వెనకవైపు రక్తనాళాలు ఉంటాయి. అందుకే కిందిదవడంటే నరం గొడవ, పైదవడంటే రక్తం, ముక్కు గొడవ. మొరటు లెక్కే, కానీ కంగారులో ఉన్నప్పుడు ఇదే గుర్తుంటుంది.

ముందే చేసుకోవాల్సినవి

కింది జ్ఞానదంతాలు ఉంటే వాటి సంగతి ముందే తేల్చుకోండి. దవడని చీల్చే గీత సరిగ్గా ఆ పన్ను ఉండే చోటునుంచే పోతుంది, పన్ను అక్కడుంటే ఎముక అనుకున్న చోట కాకుండా వేరేచోట విరగొచ్చు, దీన్నే బ్యాడ్ స్ప్లిట్ అంటారు. అందుకే చాలామంది సర్జన్లు కనీసం 6 నెలల ముందే ఆ పళ్ళు పీకించుకోమంటారు, ఆ గుంత ఎముకతో పూడాలి కదా. కొందరు ఆపరేషన్లోనే తీసేస్తారు, అదీ తప్పు కాదు, మీ విషయంలో ఏది, ఎందుకు అని అడగండి. బ్యాడ్ స్ప్లిట్ అయినా అది అక్కడే థియేటర్‌లోనే తెలుస్తుంది, అదనంగా ప్లేట్లు వేసి సరిచేస్తారు, మీకు తేడా ఏంటంటే పైపళ్ళనీ కిందిపళ్ళనీ కలిపి పట్టి ఉంచే రబ్బర్లు ఇంకొన్ని రోజులు ఎక్కువ, మెత్తటి తిండి ఇంకొన్ని వారాలు ఎక్కువ.

సిగరెట్ తాగేవాళ్ళు కనీసం నెల ముందు మానెయ్యాలి, ఎముక అతికేదాకా మళ్ళీ ముట్టుకోకూడదు. ఇది ఏదో మంచిమాటగా చెప్పట్లేదు, పైదవడని దించాక దానికి రక్తం చిగుళ్ళు, అంగిలి వైపు మెత్తటి కండలోంచే రావాలి, సిగరెట్ ఆ సన్నటి రక్తనాళాలనే ముడిచేస్తుంది. ఇన్ఫెక్షన్, కుట్లు విడిపోవడం, ఎముక అతక్కపోవడం అన్నీ పొగతాగేవాళ్ళలోనే ఎక్కువ. అలాగే రక్తం పల్చబడే మందులు, ఆస్పిరిన్, మూలికల మందులు ఏవి వాడుతున్నా దాచకుండా చెప్పండి, ఆపాలో వద్దో వాళ్ళు చెప్తారు, మీరే ఆపెయ్యొద్దు. చెవి ముందున్న కీలులో టకటక చప్పుడో నొప్పో ఉంటే అదీ చెప్పండి. కిందిదవడని వెనక్కి జరుపుతున్నారు, మీకేమో గురక ఉంది, అయితే అది తప్పకుండా చెప్పాలి, నాలుకకి చోటు తగ్గి నిద్రలో ఊపిరి ఇబ్బంది పెరిగే వీలుంది, అలాంటప్పుడు ప్లానే మార్చొచ్చు.

ఇంకో ప్రశ్న, మొహమాటపడకుండా అడగండి. మీరు చేసినవాళ్ళలో ఏడాది తర్వాత కూడా పెదవి మొద్దుగా ఉండిపోయినవాళ్ళు ఎంతమంది, నా వయసులో ఎంత ఉండొచ్చు అని. మంచి సర్జన్ ఈ ప్రశ్నకి కోప్పడరు.

మొదటి రాత్రులు: కత్తెర ఎక్కడుంది?

వెనకటి రోజుల్లో దవడలు రెండూ వైర్లతో ఆరు వారాలు బిగించేసేవాళ్ళు. ఇప్పుడు ప్లేట్లు వచ్చాక ఎక్కువమందికి రబ్బర్లే, కొందరికి మాత్రం ఇప్పటికీ వైర్ వేస్తారు. ఏదైనా సరే ఇంటికి పంపేముందు మీకు కత్తెరో వైర్ కట్టరో ఇచ్చారా, ఎక్కడ కొయ్యాలో చూపించారా అని అడగండి. నాకు నర్సు చూపించింది కానీ మా అక్క వదల్లేదు, అద్దం ముందు నన్ను కూర్చోబెట్టి పైక్లిప్పు కొక్కేనికీ కిందిక్లిప్పు కొక్కేనికీ మధ్య నిలువుగా ఉన్న రబ్బర్లు వేలితో లెక్కపెట్టింది, ఎడమవైపు రెండు, కుడివైపు రెండు, ఇవి నాలుగూ కోస్తే నోరు తెరుచుకుంటుంది, పళ్ళ మీద అడ్డంగా పోయే తీగ జోలికి పోకూడదు అని రెండుసార్లు నాతో కూడా చేయించింది. ఆ కత్తెర మూడు వారాలు నా దిండు పక్కనే ఉంది, ఒక్కసారి కూడా కొయ్యాల్సిన అవసరం రాలేదు, అది వేరే సంగతి.

వాంతి భయం అందరికీ ఉంటుంది. ఆపరేషన్లో మింగిన రక్తం కడుపులో ఉంటే తిప్పుతుంది, మత్తుమందుకీ నొప్పిమందుకీ కూడా తిప్పుతుంది. వాంతి వస్తే వెల్లకిలా మాత్రం ఉండొద్దు, లేచి ముందుకి వంగి తల కిందికి పెట్టండి, కడుపులో ఉండేది నీళ్ళే కాబట్టి పళ్ళ సందుల్లోంచి, చెంపల పక్కనుంచి, ముక్కులోంచి బయటికొచ్చేస్తుంది. పెదాలు తెరిచి ఉంచండి చాలు. ఊపిరి ఆడట్లేదనిపిస్తే మాత్రం ఆలోచించొద్దు, రబ్బర్లు కోసెయ్యండి, కోసినవి మళ్ళీ వేస్తారు. మొదటి రోజు కాఫీ రంగులో పాత రక్తం వాంతిలో కనిపిస్తే భయపడక్కర్లేదు, ఎర్రటి తాజా రక్తం పదే పదే వస్తే అది వేరు, వెంటనే చెప్పాలి. వాంతి ఆగే మందు ఇంటికి రాసిచ్చారో లేదో డిశ్చార్జ్ కాగితంలో చూసుకోండి, చాలామంది రాత్రి పదకొండింటికి వెతుక్కుంటారు.

వాపు

వాపు రెండో మూడో రోజు బాగా పెరుగుతుంది, ఇది ముందే తెలీక చాలామంది ఆపరేషన్ ఫెయిలైందనుకుని ఏడుస్తారు. మూడో రోజు దాటాక దిగడం మొదలవుతుంది, రెండు మూడు వారాల్లో చాలావరకు పోతుంది, మిగిలిన కొంచెం పూర్తిగా దిగడానికి 6 నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది, అందుకే నెలకే అద్దంలో చూసి ముక్కు ఇలా ఉంది, గడ్డం అలా ఉంది అని తీర్పులు చెప్పుకోకండి. తల ఎత్తుగా ఉండేలా రెండు మూడు దిండ్లు పెట్టుకుని పడుకోండి, పూర్తిగా పడుకునే ఉండిపోకుండా రోజూ కాసేపు ఇంట్లోనే నడవండి, నడిస్తే వాపూ దిగుతుంది, కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదమూ తగ్గుతుంది. మెడ మీదికి, ఛాతీ మీదికి పసుపు, ఆకుపచ్చ కమిలిన మచ్చలు జారితే అది పైనుంచి కిందికి దిగుతున్న రక్తమే, పోతుంది.

ఐస్ మొదటి రెండు రోజులే, ఇరవై నిమిషాలు పెట్టి ఇరవై నిమిషాలు తియ్యాలి, గుడ్డ చుట్టకుండా అస్సలు పెట్టొద్దు. మీ చెంప, గడ్డం మొద్దుబారి ఉన్నాయి కదా, చర్మం కాలుతున్నా మీకు తెలీదు. నాకు తెలిసిన ఒకమ్మాయి ఐస్ ప్యాక్ పెట్టుకుని నిద్రపోయింది, లేచేసరికి గడ్డం మీద అగ్గిపెట్టెంత మేర బొబ్బ, ఆపరేషన్ గాయం లోపల చక్కగా మానింది, ఆ మచ్చ మాత్రం నెలలు ఉండిపోయింది. తర్వాత వేడి కాపడం పెట్టమంటే కూడా అంతే, ముందు మణికట్టు మీద పెట్టుకుని చూసుకోండి.

ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ వాపు మామూలే. కానీ నాలుగైదు రోజులు దాటాక ఒకవైపు మళ్ళీ పెరుగుతుంటే, గట్టిగా, వేడిగా, నొప్పిగా ఉంటే అది రక్తం గడ్డో చీము గడ్డో అయ్యుండొచ్చు. నాలుక కింద ఉబ్బి నాలుక పైకి తేలుతున్నా, మింగలేకపోతున్నా, మాట ముద్దగా మారినా, ఊపిరి కష్టమైనా ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ అడిగే టైమ్ కాదు, నేరుగా ఎమర్జెన్సీకే వెళ్ళండి.

రక్తం

పైదవడ చేయించుకున్నవాళ్ళకి మొదటి వారం పది రోజులు ముక్కులోంచి గులాబీ రంగు నీరు, పాత రక్తం గడ్డలు రావడం మామూలు, ముఖ్యంగా వంగినప్పుడు, స్నానం చేశాక. ముక్కు చీదకూడదు, ఎన్ని రోజులో మీ సర్జన్‌ని అడగండి, చాలామంది రెండు వారాలకి తక్కువ చెప్పరు. తుమ్ము వస్తే ఆపుకోకుండా పెదాలు తెరిచి నోట్లోంచి తుమ్మండి. చీదితే సైనస్‌లోని గాలి కోసిన సందులోంచి చర్మం కిందికి పోతుంది, చెంపో కంటికిందో ఒక్కసారిగా ఉబ్బి, నొక్కితే కరకరమంటుంది. అలా అయితే చెప్పండి, గాలి దానంతటదే పోతుంది కానీ ఇన్ఫెక్షన్ రాకుండా చూడాలి. ముక్కు దిబ్బడ భరించలేనంతగా ఉంటే ఉప్పునీటి స్ప్రే చాలా హాయిగా ఉంటుంది, వాళ్ళు రాసిన చుక్కలు రాసినన్ని రోజులే వాడండి.

రక్తం ధారగా వస్తే కూర్చోండి, ముందుకి వంగండి, మింగకుండా ఉమ్మెయ్యండి, ముక్కు దూలం మీద చల్లటి గుడ్డ పెట్టండి. 10, 15 నిమిషాల్లో ఆగకపోతే ఆసుపత్రికే. ఇక్కడ ఒక ముఖ్యమైన మాట, చాలామందికి తెలీనిది. మొదటి వారమంతా పొడిగా ఉండి, రెండో వారంలో ఒక్కసారిగా ముక్కులోంచి బొళబొళా రక్తం పోయి దానంతటదే ఆగిపోయిందనుకోండి, ఆగింది కదా అని పడుకోవద్దు. లోపల దెబ్బతిన్న రక్తనాళం గోడ పల్చబడి బుడగలా ఉబ్బి ఉండొచ్చు, మళ్ళీ పగిలితే ఇంకా ఎక్కువ పోతుంది. ఆసుపత్రికి వెళ్తే ముక్కులో గుడ్డ కూరి ఒత్తిడి పెడతారు, కావాలంటే యాంజియోగ్రామ్‌లో ఆ నాళాన్ని వెతికి లోపలినుంచే మూసేస్తారు. ఇది అరుదు, కానీ టైమ్‌కి వెళ్ళినవాళ్ళకి చెయ్యగలిగింది ఉంది.

పెదవి మొద్దుబారడం

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అందరికీ వచ్చేదీ, అందరూ లోపల్లోపల ఎక్కువ బాధపడేదీ ఇదే. కిందిదవడ చీల్చినవాళ్ళలో దాదాపు అందరికీ మొదట్లో కింది పెదవి, గడ్డం మొద్దుగానే ఉంటాయి, నరం తెగక్కర్లేదు, చీల్చేటప్పుడు సాగినా, వాపుకి నలిగినా చాలు. పైదవడకైతే పైపెదవి, చెంపలు, ముక్కు పక్కలు, పై చిగుళ్ళు. పైవాటికి సాధారణంగా త్వరగానే వస్తుంది, కింది పెదవిదే సాగదీత. ఎక్కువ కోలుకోవడం మొదటి 6 నెలల్లో కనిపిస్తుంది, తర్వాత కూడా ఏడాది, ఏడాదిన్నర దాకా కొద్దికొద్దిగా వస్తూనే ఉంటుంది. కొంతమందికి ఎంతోకొంత మొద్దుదనం ఉండిపోతుంది, ఇది దాచకుండా చెప్పాలి. వయసు 40 దాటినవాళ్ళకీ, గడ్డం ఎముక కూడా కలిపి చేయించుకున్నవాళ్ళకీ ఆ అవకాశం ఎక్కువ.

ఒక ఊరటేంటంటే ఇది స్పర్శ నరమే, కదలిక నరం కాదు. పెదవి మీకు చెక్కలా అనిపిస్తుంది కానీ ఎదుటివాళ్ళకి మామూలుగానే కదులుతూ కనిపిస్తుంది. నవ్వు వంకరపోయినా, కన్ను మూసుకోకపోయినా మాత్రం అది వేరే నరం, చాలా అరుదు, అదే రోజు చెప్పాలి, మందులు మొదలుపెట్టి కన్ను ఎండిపోకుండా చుక్కలు వేస్తారు.

నేను చేసింది చెప్తా. ప్రతి నెలా ఒకటో తారీఖున నేను కళ్ళు మూసుకుంటే, అక్క కనుబొమ్మల పెన్సిల్ దగ్గర పెట్టుకుని దూదిపుల్లతో మెడ దగ్గర్నుంచి పైకి మెల్లగా తాకుతూ వచ్చేది, ఎక్కడ తెలియడం ఆగిపోతే అక్కడ ఒక చుక్క. చుట్టూ అలా చుక్కలు పెట్టి కలిపితే గడ్డం మీద ఒక దేశం మ్యాప్‌లాంటిది వచ్చేది, దానికి ఫోటో. మొదటి నెల ఫోటోలో గడ్డం మొత్తం ఆ గీత లోపలే. నాలుగో నెలకి ఎడమవైపు సగం బయటికొచ్చేసింది, కుడివైపు కదల్లేదు, నేను దిగులుపడ్డాను. ఐదో నెలలో ఒకరోజు పొద్దున్న మొహం కడుక్కుంటుంటే కుడిపెదవి అంచు మీద చీమలు పాకినట్టు జివ్వుమంది, దువ్వెన పళ్ళు తగిలినట్టు. ఆ చిమచిమ, ఆ చిన్న చిన్న షాకులు నరం లేస్తోందనడానికి గుర్తు. పదకొండో నెల ఫోటోలో కుడిపెదవి కింద గోరంత ముక్క మిగిలింది, అది ఇప్పటికీ అలాగే ఉంది, ఇప్పుడు వెతుక్కుంటేనే తెలుస్తుంది.

చిమచిమ మొదలయ్యాక పెదవికి మళ్ళీ నేర్పించాలి, ఇది నిజంగా చేసే వ్యాయామం. అద్దం ముందు కూర్చుని మెత్తటి బ్రష్, దూది, చల్లటి చెంచా వెనకభాగం ఒకదాని తర్వాత ఒకటి బాగున్నవైపు తాకించి, అదే మొద్దువైపు తాకించండి, కళ్ళు తెరిచి చూస్తూ ఒకసారి, మూసుకుని ఒకసారి, ఏ వస్తువు, ఎటు కదిలింది అని మనసులో చెప్పుకోండి. ఐదేసి నిమిషాలు, రోజుకి మూడు నాలుగుసార్లు. బీ కాంప్లెక్స్ బిళ్ళలు చాలామంది రాస్తారు, నష్టం లేదు, కానీ వాటివల్లే నరం వస్తుందనడానికి గట్టి రుజువులు లేవు, అందుకని బిళ్ళ వేసుకుంటున్నా కదా అని వ్యాయామం మానొద్దు.

రోజువారీ జాగ్రత్తలు చిన్నవే కానీ కావాలి. వేడి పానీయం ముందు నాలుక కొసతోనో వేలితోనో చూసుకుని తాగండి, పెదవి కాలిన సంగతి మీకు తెలీదు. షేవింగ్ చేసుకునేవాళ్ళు మొదటి నెలలు ట్రిమ్మర్ వాడండి. తింటున్నప్పుడు గడ్డం మీద కారుతుంది, పక్కన గుడ్డ పెట్టుకోండి. పెదవి పంటికింద పడి పుండయినా గమనించరు, రాత్రి ఒకసారి అద్దంలో లోపలివైపు చూసుకోండి.

ఇక డాక్టర్‌కి చెప్పాల్సింది. మొద్దుదనం కాకుండా మంట, కరెంటు కొట్టినట్టు నొప్పి, గాలి తగిలినా భరించలేకపోవడం మొదలైతే ఓర్చుకోవద్దు. దానికి మామూలు నొప్పి బిళ్ళలు పనిచెయ్యవు, గాబాపెంటిన్, ప్రీగాబలిన్, అమిట్రిప్టిలిన్ లాంటి నరాల నొప్పి మందులు ఉన్నాయి, త్వరగా మొదలుపెడితేనే మేలు. మూడు నెలలైనా ఒక్క చుక్కంత మార్పు కూడా లేకపోతే నరాల సర్జరీ తెలిసినవాళ్ళకి చూపించమని అడగండి. ఆపరేషన్లో నరం కళ్ళముందు బాగానే కనిపించిందా, తెగితే అక్కడే కుట్టారా అనేది ఆపరేషన్ నోట్స్‌లో ఉంటుంది, ఆ కాపీ తీసుకుని పెట్టుకోండి.

ఇన్ఫెక్షన్, కుట్లు

ఇది మొదటి కొన్ని వారాల్లో రావొచ్చు, నెలల తర్వాత ప్లేట్ దగ్గరా రావొచ్చు, ఎక్కువగా కిందిదవడలో. దిగిన వాపు మళ్ళీ రావడం, నోట్లో ఉప్పగా, పాడు రుచి, కంపు, జ్వరం, ఇవి గుర్తులు. కుట్ల మీద తెల్లటి పొర ఉంటే అది చీము అనుకుని గీకెయ్యకండి, చాలాసార్లు అది మానుతున్న కండే. కుట్టు కొంచెం విడిపోయి సందు కనిపించినా శుభ్రంగా ఉంచితే చాలావరకు దానంతటదే పూడుతుంది, వాళ్ళకి ఒకసారి చూపించి, సిరంజితో ఎలా కడుక్కోవాలో నేర్చుకోండి. పిల్లల మెత్తటి బ్రష్‌తో ప్రతిసారి తిన్నాక, తాగాక పళ్ళు, క్లిప్పులు తోముకోండి, తర్వాత వాళ్ళు రాసిన క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ పుక్కిలించండి, నోరు పుక్కిలించలేని రోజుల్లో నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి వదిలెయ్యండి. నొప్పని భయపడి తోమనివాళ్ళకే ఎక్కువ కష్టాలొస్తాయి, ఇది నేను చూశాను.

చీము పడితే వాళ్ళు దాన్ని తీసేసి యాంటీబయాటిక్ ఇస్తారు, ఎక్స్‌రేలో స్క్రూ వదులైందా చూస్తారు. ఎముక అతికిపోయి ఉంటే ఆ ప్లేట్ తీసేస్తే సమస్య తీరిపోతుంది. ఇంకా అతకకపోతే, ప్లేట్ గట్టిగానే ఉంటే, కడుగుతూ మందులతో నెట్టుకొచ్చి, అతికాక తీస్తారు. కాబట్టి ప్లేట్ ఇన్ఫెక్షన్ అనగానే మొత్తం పాడైందనుకోవద్దు. మందులు మధ్యలో ఆపొద్దు, అంతే.

బైట్ మారితే

రోజూ పొద్దున్న పళ్ళు తోమాక అద్దంలో బైట్, అంటే పైపళ్ళూ కిందిపళ్ళూ కలిసే తీరు, చూసుకోవడం అలవాటు చేసుకోండి, పై మధ్యగీతా కింది మధ్యగీతా ఎక్కడున్నాయి, స్ప్లింట్, అంటే పళ్ళ మధ్య పెట్టే ప్లాస్టిక్ అచ్చు ఉంటే, పళ్ళు దాని గుంటల్లో నిన్నటిలాగే కూర్చుంటున్నాయా. రబ్బర్లు ఎలా వేశారో మొదటి రోజే ఫోటో తీసుకోండి, తెగినప్పుడు ఏ కొక్కెం నుంచి ఏ కొక్కేనికో గుర్తుండదు. ముందుపళ్ళ మధ్య సందు తెరుచుకోవడం, ఒకవైపే పళ్ళు తగలడం, గడ్డం పక్కకి పోవడం, ఎముక లోపల కదిలినట్టు టక్కుమనడం, వీటిల్లో ఏది కనిపించినా అదే రోజు చెప్పండి. కీలులో ఎముక తల సరిగ్గా కూర్చోకపోయినా, స్క్రూ వదులైనా, ప్లేట్ విరిగినా ఇలా అవుతుంది. కొంచెం తేడా అయితే రబ్బర్ల దిశ మార్చి లాక్కొస్తారు, ఎక్కువైతే మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్తారు, త్వరగా దొరికితే ఎముక అతకకముందే సరిచెయ్యడం తేలిక, ఆలస్యమైతే మళ్ళీ కొయ్యాలి. రెండో ఆపరేషనా అని భయంతో వారం దాచిపెట్టినవాళ్ళని చూశాను, దయచేసి అలా చెయ్యకండి.

నమలకూడదన్న ఆరు వారాలు నిజంగా నమలకూడదు. మూడో వారానికి నొప్పి తగ్గిపోతుంది, అక్కడే మోసపోతాం. ప్లేట్లు ఎముక అతికేదాకా పట్టి ఉంచడానికే, నమిలే బలం మొయ్యడానికి కాదు, నొప్పి లేకపోవడానికీ ఎముక అతకడానికీ సంబంధం లేదు. బలం కావాలి కాబట్టి తాగేవాటిల్లోనే ప్రోటీన్, కేలరీలు ఎక్కువ ఉండేలా చూసుకోండి, కొంచెం కొంచెంగా రోజుకి ఆరేడుసార్లు. నేను 5 కిలోలు తగ్గాను, తర్వాత వచ్చేశాయి. బరువు మరీ వేగంగా పడిపోతుంటే, మూత్రం ముదురు రంగులో కొద్దిగానే వస్తుంటే ఒంట్లో నీళ్ళు సరిపోవట్లేదని.

ఆలస్యంగా వచ్చేది ఇంకోటుంది. అంతా బాగై 6 నెలలో ఏడాదో అయ్యాక కిందిదవడ మెల్లగా వెనక్కి పోతూ ముందుపళ్ళు తెరుచుకుంటుంటే, కీలు దగ్గరి ఎముక తల అరుగుతోందేమో చూడాలి. వయసులో ఉన్న ఆడవాళ్ళలో, ముందునుంచే కీలు నొప్పి ఉన్నవాళ్ళలో, దవడని చాలా ముందుకి తెచ్చినవాళ్ళలో ఎక్కువ. వెంటనే మళ్ళీ కొయ్యరు, పాత ఎక్స్‌రేలతో, స్కాన్లతో పోల్చి, అరగడం ఆగేదాకా స్ప్లింట్, మందులతో కీలుకి విశ్రాంతినిచ్చి, ఆ తర్వాతే ఆలోచిస్తారు. అందుకే బాగుంది కదా అని ఏడాది, రెండేళ్ళ చెకప్‌లు ఎగ్గొట్టొద్దు, పళ్ళు జరక్కుండా పట్టి ఉంచే రిటైనర్లు పెట్టుకోవడం మానొద్దు.

నోరు తెరుచుకోకపోవడం

నోరు తెరిచే వ్యాయామాలు సర్జన్ సరే అన్న రోజునుంచే మొదలుపెట్టండి, ముందు కాదు, తర్వాత కూడా కాదు, చాలామందికి ఎప్పటికీ సరిగ్గా తెరుచుకోకపోవడానికి కారణం భయంతో నెలలు వాయిదా వెయ్యడమే. స్నానం తర్వాత కండలు మెత్తబడి ఉన్నప్పుడు చెయ్యండి. ఐస్‌క్రీమ్ పుల్లలు ఎన్ని దొంతరగా వెనక పళ్ళ మధ్య పడుతున్నాయో లెక్కపెట్టి, రెండు మూడు రోజులకోసారి ఒకటి పెంచండి. లాగినట్టు ఉండాలి, పోటు రాకూడదు. మీ మూడు వేళ్ళు నిలువుగా పట్టేంత, అంటే 35, 40 మిల్లీమీటర్లు వస్తే బాగా వచ్చినట్టే.

అరుదైనవి, కానీ ఆలస్యం చెయ్యకూడనివి

పై చిగుళ్ళ రంగు మొదటి వారం రోజూ టార్చి వేసి చూడండి. గులాబీగా ఉండాలి, వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ గులాబీ రావాలి. పాలిపోయి, నీలంగా, ఊదాగా, నల్లగా మారుతుంటే పైదవడకి రక్తం అందట్లేదని, ముఖ్యంగా పైదవడని రెండు మూడు ముక్కలుగా చేసినవాళ్ళు జాగ్రత్తగా చూసుకోవాలి, గంటలు లెక్కలోకొస్తాయి. చూపు మసకబారడం, రెండుగా కనిపించడం, కంట్లో విపరీతమైన నొప్పి ఉంటే ఎమర్జెన్సీ. ముక్కులోంచి నీళ్ళలా పల్చగా, ఒకవైపునుంచే, వంగితే చుక్కచుక్కగా కారుతుంటే చెప్పాలి. ఒక కాలి పిక్క వాచి నొప్పెట్టినా, ఒక్కసారిగా ఆయాసమొచ్చినా అంతే, ఆగొద్దు.

పళ్ళు జివ్వుమనకపోవడం, ఒక పన్ను కాస్త రంగు మారడం మాత్రం కంగారుపడాల్సినవి కావు. ఆపరేషన్ తర్వాత నెలల తరబడి పళ్ళు చల్లటి పరీక్షకి పలకవు, అంతమాత్రాన పన్ను చచ్చిపోయినట్టు కాదు. నొప్పి, చీము, ఎక్స్‌రేలో మార్పు లేకుండా రూట్ కెనాల్‌కి తొందరపడకండి, దవడ సర్జన్‌ని కూడా అడిగాకే చేయించుకోండి.

మనసు సంగతి

రెండో వారం, మూడో వారం మనసు బాగా కుంగుతుంది, నాకూ కుంగింది. తిండి లేదు, నిద్ర లేదు, వాపు మందులుగా ఇచ్చిన స్టెరాయిడ్లు ఆపుతారు, అద్దంలో మొహం నాది కాదనిపిస్తుంది, ఎందుకు చేయించుకున్నాను అని అర్ధరాత్రి అనిపిస్తుంది. ఇది కూడా పుస్తకంలో రాయండి, నిద్ర ఎంత, ఏడుపు ఎన్నిసార్లు. చాలామందికి వాపుతో పాటే ఇదీ దిగుతుంది. ఇంట్లోవాళ్ళు ఆ టైమ్‌లో మొహం మీద వ్యాఖ్యలు చెయ్యకుండా ఉంటే అదే పెద్ద సాయం, మాట్లాడలేం కాబట్టి పలకో ఫోనో చేతికిచ్చి ఓపిగ్గా ఆగితే చాలు. నెల దాటినా తగ్గకపోయినా, బతకాలనిపించకపోయినా అది కూడా కాంప్లికేషనే, జ్వరం వస్తే చెప్పినట్టే డాక్టర్‌కి చెప్పండి, వైద్యం ఉంది.

ప్లేట్లు జీవితాంతం ఉండిపోవచ్చు, తియ్యాలని రూలేం లేదు. చలికి సలుపుతున్నా, చర్మం కింద చేతికి తగులుతున్నా, ఇన్ఫెక్షన్ మళ్ళీ మళ్ళీ వస్తున్నా తీయించుకోవచ్చు, తియ్యాలనుకుంటే మరీ ఏళ్ళు ఆగకుండా ముందే అడగండి, ఆలస్యమైతే ఎముక వాటి మీదికి పెరిగి తియ్యడం కష్టమవుతుంది. నేను పద్నాలుగో నెలలో కుడివైపు ఒక్కటి తీయించుకున్నాను, అదే రోజు ఇంటికొచ్చాను, పెదవి మళ్ళీ మూడు వారాలు మొద్దుబారి తర్వాత వచ్చేసింది. అక్క ఆ రోజు కూడా పుస్తకం తెరిచి కొత్త పేజీ మొదలుపెట్టింది.